మిద్దె మీద సజ్జచేను

మా జిల్లాలో పుట్టి, వాన వద్దని మొక్కుకున్న మనిషి ఒకడే ఉంటాడు. వాడు నేనే. ఆ ఏడు మృగశిర కార్తెలో ఊరు ఊరంతా గుట్ట మీది ఆంజనేయస్వామికి కడవలతో నీళ్ళు మోసి పోసి, "స్వామీ, ఒక్క పదును వాన" అని వేడుకుంటా ఉంటే, ఆ గుంపులోనే చేతులు జోడించి నిలబడి, "స్వామీ, మా మామ వచ్చి పోయేదాకా ఆపు" అని లోలోపల అడుక్కున్నాను. స్వామి రెండు మాటలూ సగం సగం విన్నాడు. చేన్లకు చాలని వాన, నా మిద్దెకు చాలా ఎక్కువైన వాన ఒకటి, మా మామ సంగటి ముందర కూర్చున్న వేళకు సరిగ్గా పంపినాడు. ఊరు మురిసింది. నా మిద్దె ఉరిసింది, చిల్లుకడవ మాదిరి.

నిజం చెప్పాలంటే మిద్దె కంటే ముందు ఉరిసింది నా బుర్ర.

అంతకు కొన్నాళ్ళ ముందే మేం అన్నదమ్ములం వేరు పడినాం. కొట్లాడి కాదు. ఇల్లు ఇరుకైంది, మాటలు ఇంకా ఇరుకైనాయి, అంతే. నాయన భాగాలు పంచినాడు. ముందరి ఇల్లు అన్నకు, వెనకాల మిద్దె నాకు. బండి అన్నకు, ఎద్దుల జత నాకు. ఎద్దులు లేని బండితో ఆయనా, బండి లేని ఎద్దులతో నేనూ మిగిలినాం. ముసలాయనకు లెక్క తప్పిందనుకున్నాను. ఆయన మాత్రం అరుగు మీద కూర్చొని మీసం కింద నవ్వుకుంటా ఉండినాడు. ఆ నవ్వు దేనికో తెలియడానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది.

మా సీమ ఇండ్ల సంగతి తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాల. మాకు పెంకులు లేవు, కప్పు గడ్డి లేదు. గోడల మీద దూలాలు, దూలాల మీద కట్టెలు, కట్టెల మీద కంప, కంప మీద మట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడంటే గడ్డిపోచ కూడా మొలవని తెల్లటి మట్టి. తడిస్తే జిగురై, మూసుకొనిపోయి, చుక్క నీటిని కిందికి దిగనీయదు. అందుకే ఎండాకాలం చివర్లో ఇంటింటి వాళ్ళూ బండ్లు కట్టుకొని వంక అవతల చౌడునేలకు పోయి, తవ్వి తెచ్చి మిద్దెల మీద పరుచుకుంటారు. మా ఊర్లో పాలు తాగే బిడ్డకు తప్ప అందరికీ తెలిసిన విద్య ఇది. నాకూ తెలుసు. అదే విచిత్రం.

తెలిసీ ఎందుకు చేయలేదంటే, బండి అన్న దగ్గర ఉండాది కాబట్టి. వేరు పడి రెండు నెలలు తిరక్కముందే ఆయన గడప ఎక్కి "అన్నా, బండి" అని అడగడమా? నాకు పౌరుషం ఎక్కువ. మిద్దె చిన్నదైనా పౌరుషానికి మాత్రం మేడ కట్టినాను. ఇంటి వెనకనే కల్లం ఉండింది, ఆ కల్లం అంచున మట్టి ఉండింది. ఏండ్ల తరబడి పేడా, పొట్టూ, ఎద్దుల గంజళమూ కలిసి మగ్గిన మట్టి. పిడికిట పట్టుకుంటే వెన్నలాగా నలుగుతాది. మంచి మట్టి కనిపిస్తే మా రైతోళ్ళకు మతి పోతాది. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి, 'ఇంత మంచి మట్టి చేనుకు పనికొస్తే మిద్దెకు పనికిరాదా?' అని నన్ను నేనే అడిగి, నాకు నేనే 'వస్తాది' అని చెప్పుకొని, తట్టలతో మోసి మిద్దె నిండా పరిచినాను. అడ్డం చెప్పడానికి నా భార్య ఇంట్లో లేదు. పుట్టింట్లో కాన్పయి, చంటిబిడ్డతో అక్కడే ఉండింది. ఆమె ఉండింటే ఈ కథే ఉండేది కాదు.

తర్వాత ఒక తుంపర పడింది. చేన్లలో దుమ్ము అణగడానికి కూడా చాలలేదు గానీ, వారం తిరిగేసరికి నా మిద్దె పచ్చబడింది. కల్లం మట్టి కదా, రాలిన సజ్జగింజలన్నీ అందులోనే ఉండినాయి. ఊర్లో ఎవరి చేన్లోనూ పైరు లేదు. పైకప్పు మీద పైరున్న వాణ్ణి నేనొక్కణ్ణే.

పక్కింటి దర్జీ సాయిబు మిషను ఆపి మరీ బయటికి వచ్చి చూసినాడు. "ఏమన్నా, మిద్దెకు పచ్చ పట్టుగుడ్డ కప్పినావే! కొలతలు ఎవురు తీసినారు?" అన్నాడు. మరుసటి రోజు ఆయన మేక వాళ్ళ మిద్దె మీదినుంచి దూకి ఒక మూల మేసేసింది. దింపమంటే, "పోనీలేన్నా, ఊర్లో మేత దొరికే చోటు అదొకటే" అన్నాడు.

అన్న దారిన పోతా పోతా తలెత్తి చూసి, "రేయ్, కలుపు ఎప్పుడు తీయిస్తావురా? కూలోళ్ళకు నిచ్చెన నేనిస్తాలే" అన్నాడు. బండి అడుగుతానని చూసినాడేమో. నేను పంట బాగా వచ్చిందని మీసం దువ్వినాను.

అట్లాంటి రోజుల్లో మా మామ కబురు పంపినాడు. బాలింతనూ బిడ్డనూ మూడో నెలలో పంపాల, ముందుగా ఇల్లు ఒకసారి చూసుకొని పోతానని. మా అత్తగారి ఊరు యాడికి అనే పెద్ద ఊరి పక్కన. ఎవరైనా "యాడికి పోతాండావు?" అని అడిగితే "యాడికికే" అని చెప్పి, ఎగతాళి చేస్తాండానని తిట్లు తిన్న దోవ అది. మామ అక్కడ పంచాయతీ పెద్ద. గట్టు తగాదాలూ, బావి తగాదాలూ ఆయన అరుగు మీదనే తెగుతాయి. ఆయన తీర్పు చెప్పినాక ఎదురు మాట ఉండదు. అందుకే నేను ఆంజనేయస్వామి దగ్గర ఆ దొంగ మొక్కు మొక్కుకున్నది. తుంపరకే లోపల గోడల మీద తడి చారలు దిగినాయి మరి.

మామ వచ్చినాడు. మల్లు పంచె, భుజాన తువాలు, చంకలో గొడుగు. మాకు గొడుగు ఎండకే. వాకిట్లో నిలబడి చాలాసేపు పైకి చూసినాడు.

"ఏమప్పా అల్లుడా, అది ఏం పైరు?"

"సజ్జలు మామా."

"బావి కపిలి నీళ్ళా, ఏతం నీళ్ళా?"

"వానాధారమే మామా."

"ఊఁ" అని లోపలికి వచ్చినాడు. ఆ 'ఊఁ'లో ఒక పంచాయతీ మొత్తం ఉండింది.

మా అమ్మ ఆ పూట నా ఇంటికి వచ్చి సంగటి కెలికి, చెనక్కాయ ఊరిబిండి నూరి, పులుసు కాచింది. మామ కూర్చొని ముద్ద తుంచినాడు. అప్పుడు ఉరిమింది. మొదటి చుక్క పులుసులో పడింది. మామ తల ఎత్తలేదు. రెండో చుక్క ఆయన బట్టతల మీద పడింది. తువాలుతో తుడుచుకున్నాడు. ఆపైన మట్టిపెడ్డ ఒకటి ఊడి సంగటి ముద్ద మీద పడింది. అందులోని సజ్జ మొలక ముద్దలో నిలువునా నాటుకొని, నన్ను చూసి తల ఊపింది.

మా అమ్మ నోట్లో చెంగు కుక్కుకుంది. మామ మొలకను రెండు వేళ్ళతో పెరికి పక్కన పెట్టినాడు. గొడుగు తీసి, ఇంట్లోనే విప్పి, ఎడమచేత్తో పట్టుకొని, కుడిచేత్తో ముద్ద పూర్తి చేసినాడు. అన్నం మీద అలిగే మనిషి కాదు.

చేయి కడుక్కొని తీర్పు చెప్పినాడు. "నీమింద కోపం లేదప్పా. అయితే చంటిదానికి ఇంకా మెడ నిలబడలేదు. ఈ మిద్దె కింద అది పండుకుంటే సజ్జ మొలకలతో బాటు అదీ మొలకెత్తుతాది. ఒక నిలువు వాన తట్టుకోనీ. లోపల చుక్క పడలేదని నాకు నమ్మకంగా తెలియనీ. ఆ తర్వాతనే నా కూతురూ మనవరాలూ నీ గడప తొక్కేది. అందాకా ఆడే ఉంటారు."

ఆ మాట అని గొడుగు పట్టుకొని వానలోనే వెళ్ళిపోయినాడు. బయట ఇంట్లో కంటే తక్కువే కురుస్తా ఉండింది.

ఆ సాయంత్రమే అన్న ఇంటికి పోయినాను. ఎంత దూరమని! గోడ ఇవతల నుంచి అవతలికి. కానీ నా జన్మలో అంత దూరం ఎప్పుడూ నడవలేదు. అన్న అరుగు మీద కూర్చొని పగ్గం పేనుతా ఉండినాడు.

"అన్నా, బండి కావాల."

ఆయన పేనడం ఆపలేదు. "ఎద్దులుండాయా?"

"ఉండాయి."

"ఇంతవరకూ యాడ సచ్చినావురా?" అని పగ్గం విసిరికొట్టినాడు. "ఎరువు దిబ్బ చేన్లోకి తోలుకోవాల. నీ దగ్గరికొచ్చి ఎద్దులు అడగాలంటే నాకు మొగం చెల్లదు. నువ్వు బండికొస్తావు, అప్పుడు అడుగుదామని ఉగాది నుంచీ ఈ అరుగు మీదనే కూర్చున్నా. కూర్చొని కూర్చొని పగ్గాలు పేనినా. ఊరికంతా సరిపోతాయి."

లోపలినుంచి నాయన నవ్వు వినిపించింది. ఆ పంపకంలో కిటుకు నాకు అప్పుడు తెలిసింది. ఒకరి గడప ఒకరు తొక్కకుండా బతకలేని మాదిరి పంచినాడు. అడగడమంటే తగ్గడమని నేను అనుకుంటా ఉండినాను. అడగక తగ్గినది మా అన్న చేన్లో ఎరువు, నా ఇంట్లో మనుషులు.

మర్నాడు అన్నా నేనూ మిద్దె ఎక్కి సజ్జలను పెరికినాం. ఆ కల్లం మట్టినంతా గీకి, బండికెత్తి, అన్న ఎరువుతో బాటు చేన్లకు తోలినాం. "మిద్దె పంటకు శిస్తు కట్టినావా?" అని దర్జీ సాయిబు కేక వేసినాడు. ఆయన మేక ఒక్కటే ఆ మట్టి పోతున్నందుకు నిజంగా బాధపడింది. తర్వాత వంక అవతలికి పోయినాం. ఎండలో ఉప్పు పూసినట్లు తెల్లగా పరుచుకొని ఉండాది ఆ నేల. చిన్నప్పటినుంచీ దాన్ని చూస్తే నాకు చిన్నచూపు. ఎందుకూ పనికిరాని నేల. దున్నితే విత్తనం చస్తాది, నడిస్తే కాళ్ళు పగుల్తాయి. పార వేసి తవ్వుతా ఉంటే ఒక సంగతి తోచి నాకు నేనే నవ్వుకున్నాను. ఇంట్లో రెండోవాణ్ణి. చదువు అబ్బలేదు, వ్యాపారం కుదరలేదు. ఇన్నాళ్ళూ నన్ను కూడా అందరూ ఈ నేల మాదిరే చూసినారు. దాని మీద పంట పండించాలని చూస్తే అది పనికిరాదు. నెత్తిన పెట్టుకుంటే మాత్రం ఇల్లు నిలబడతాది. దాన్ని ఎక్కడ పరచాలో తెలియడమే తెలివి. ఆ తెలివి నాకు బండి లెక్కన వచ్చింది, పారతో దించుకోవాల్సి వచ్చింది.

మిద్దె మీద చౌడు మందంగా పరిచి, పిట్టగోడ వారన ఎత్తు చేసి, నీళ్ళు తూము వైపు జారేటట్లు వాలు పెట్టి, చేత్తోనే సాపు చేసినాను. పని ముగిసింది. ఇక వాన రావడమే తరువాయి.

అది మాత్రం రాలేదు.

ఆరుద్ర పోయింది, పునర్వసు పోయింది. గుత్తి కొండ మీద మబ్బు కూర్చుంటాది, మేం వాకిట్లోకి వచ్చి నిలబడతాం, అది లేచి పోతాది. అందరూ చేన్ల కోసం ఏడుస్తా ఉండినారు. నేను చేనుకొక కన్ను, మిద్దెకొక కన్ను పెట్టి ఏడ్చినాను. ఒకప్పుడు వాన వద్దని మొక్కుకున్న నోటితోనే ఇప్పుడు ఊరందరికంటే గట్టిగా మొక్కుకున్నాను. ఆ మాటలో న్యాయం లేదని స్వామికి తెలుసు.

యాడికి వైపునుంచి కబుర్లు మాత్రం వస్తా ఉండినాయి. బిడ్డకు మెడ నిలబడిందంట. బోర్లా పడిందంట. బోసినోటితో మా మామ మీసం పట్టుకొని లాగిందంట. ఆ మీసం లాగే ధైర్యం మా ఇంట్లో ఎవరికో ఒకరికి ఉన్నందుకు సంతోషపడినాను. ఒకసారి చూసి రావడానికి పోయినాను. ఎత్తుకుంటే, నన్ను పైనుంచి కిందికి చూసి, పెదవి విరిచి, ఊరు లేచేటట్లు ఏడ్చింది. ఎవరో కొత్తమనిషి ఎత్తుకున్నాడని. నా భార్య చేతికి ఇచ్చేస్తే అప్పుడు ఊరుకుంది. ఆమె దోవ వరకూ వచ్చి, "మిద్దె గట్టిగా వేసినావా?" అని ఒక్క మాట అడిగింది. "నిండా గట్టిగా" అన్నాను. "వానే గట్టిది కాదు మరి" అంది.

ఇంటికి వచ్చినాక ఆగలేకపోయినాను. బావినుంచి కడవలు మోసి మిద్దె మీద పోసి, కిందికి దిగి కప్పు చూడడం మొదలుపెట్టినాను. మా అమ్మ వాకిట్లో నిలబడి, "తాగను నీళ్ళు లేవు, మిద్దెకు తలంటు పోస్తాండావా!" అని తిట్టింది. చుక్క దిగలేదు. మామకు కబురు పంపినాను. ఆయన తిరిగి కబురు పంపినాడు: "కడవనీళ్ళను వాన అనరప్పా. ఇది మా పంచాయతీలో చెల్లదు."

చిత్త కార్తెలో వచ్చింది.

మధ్యాహ్నం పొద్దు ఉండగానే చీకటి పడింది. గుత్తి కొండ కనపడకుండా పోయింది. గాలి లేదు, ఉరుము లేదు. నిలువు వాన. తాడు తెంచినట్లు పడింది. ఊర్లో మొగోళ్ళు వీధుల్లోకి వచ్చి తడుస్తా కేకలు వేసినారు. నేను ఇంట్లో వెల్లకిలా పండుకొని కప్పు చూస్తా ఉండినాను. ప్రతి దూలాన్నీ, ప్రతి మూలనూ చూసినాను. తూము నుంచి నీళ్ళు దబదబా వాకిట్లో పడతాండాయి. లోపల పొడి. చేత్తో గోడలు తడిమినాను. పొడి. లేచి ఒక్క గంతు వేసినాను. ఆ గంతులో తల దూలానికి తగిలి బొప్పి కట్టింది. ఆ ఇంట్లో ఆ రోజు జరిగిన నష్టం అదొక్కటే.

చాలా మంది పోయినేడు వానలు లేవు కదా అని ఆ ఏడు కొత్త చౌడు వేయలేదు. దర్జీ సాయిబు మిషనుకు తడవకుండా కంబళి చుట్టి, భార్యాబిడ్డలతో, మేకతో నా గడపలోకి వచ్చినాడు. "అన్నా, మీ చేన్లో కొంచెం చోటుందా?" అన్నాడు. ఎరువు తోలే తొందరలో తన మిద్దె మరిచిన అన్న కుటుంబంతో వచ్చినాడు. అమ్మా నాయనా వచ్చినారు. కాళ్ళు చాపుకోను చోటు లేకుండా నిండింది ఇల్లు. నాయన కప్పుకేసి చూసి, నాకేసి చూసి, "ఊఁ, పనికొచ్చినావు" అన్నాడు. ఆయన నోట్లోనుంచి నాకు ఎప్పటికీ దొరకదనుకున్న మాట అది.

వంక తగ్గినంక, వాన ఇంకా జల్లుగా పడతా ఉండగానే, అన్న బండికి నా ఎద్దులు కట్టుకొని యాడికి దోవ పట్టినాను. మామ ఇంట్లో అడుగు పెట్టి నిలబడిపోయినాను. నడిమింట్లో కాలు పెట్టను సందు లేకుండా గిన్నెలు, చెంబులు, తప్పేలాలు పరిచి ఉండాయి. ఒక్కొక్కదాంట్లో ఒక్కొక్క స్వరం. పెద్దమనిషి ఎలక్షన్ల తిరుగుడులో పడి, అందరి ఇండ్ల సంగతీ చూసి తన మిద్దె సంగతి మరిచినాడు. ఇత్తడి తప్పేలా పట్టుకొని, ఏ చుక్క కింద పెట్టాలో తెలియక నిలబడి ఉండినాడు. నా భార్య ధాన్యపు గరిసె పక్కన ఉన్న ఒక్క పొడి మూలలో బిడ్డను ఒళ్ళో పెట్టుకొని కూర్చోనుండింది.

"మనింట్లో ఉరిసిందా?" అంది.

"చుక్క లేదు."

"అయితే నిలబడుకోని ఏం చూస్తాండావు? బండి తిప్పు" అని లేచింది.

నేను మామకేసి చూసినాను. ఎంతైనా ఆయన తీర్పు కదా. ఆయన నోరు తెరిచేలోపల మా అత్త మూట కట్టుకొని వచ్చింది. "నేనూ వస్తా అల్లుడా. ఈడ ఎవురుంటారు!"

"నువ్వు యాడికే?" అన్నాడు మామ అదిరిపడి.

"ఉరవని ఇంటికి. సంగటి కట్టె పొయ్యి పక్కన ఉండాది. నువ్వే కెలుక్కో."

బండిలో కంబళి కింద ముగ్గురు ఆడవాళ్ళను కూర్చోబెట్టుకొని, ఎద్దులను అదిలించినాను. మూడో ఆమె దోవలో కొంచెంసేపు ఏడ్చి, తర్వాత నా పైపంచె అంచు నోట్లో పెట్టుకొని నమలడం మొదలుపెట్టింది. రెండు పక్కలా చేన్లు నల్లగా తడిసి ఆవిర్లు కక్కుతాండాయి. నా జన్మలో అంత బాగా బండి తోలింది లేదు. వాకిట్లో అన్న హారతి పళ్ళెం పట్టుకొని నిలబడి ఉండినాడు. వదిన చేయాల్సిన పని, ఆయన లాక్కున్నాడంట.

వానలు వెలిసినాయి. మా అత్త కదలలేదు. పోయిరమ్మని ఎవరూ అనలేదు. మామ నుంచి కబురొచ్చింది: బాలింతను పంపేటప్పుడు పుట్టింటివాళ్ళు సారె పెట్టి పంపడం ఆనవాయితీ, ఆ హడావిడిలో కుదరలేదు, పంపిస్తానని. నేను ఆలోచించినాను. ఈసారి ముందు మేమే పెడదాం అనుకున్నాను.

బండి నిండా చౌడు ఎత్తినాను. పైన పసుపూ కుంకుమా చల్లి, తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ పెట్టినాను. ఎద్దుల కొమ్ములకు నా భార్య పూలు చుట్టింది. నవ్వాపుకోలేక రెండుసార్లు ముడి తప్పింది. మామ అరుగు మీద పెద్దమనుషులు కూడి ఏదో గట్టు తగాదా తెంపుతాండగా, ఆ అరుగు ముందరే బండి ఆపినాను.

"ఏమప్పా ఇది?" అన్నాడు మామ.

"సారె మామా. మీ కూతురు పంపింది."

అరుగంతా గొల్లుమనింది. వాదీ ప్రతివాదీ ఒకరి భుజం ఒకరు పట్టుకొని నవ్వినారు. తగాదా ఆడికే తెగిపోయింది. మామ బండినీ, నన్నూ చూసి, నవ్వుకు మీసం అదురుతాండగా పంచె ఎగగట్టినాడు. మొదటి తట్ట మర్యాదకు నేనే మోసి మిద్దె ఎక్కించి వచ్చినాను. మిగిలింది ఆయనకు వదిలి, ఎద్దులను నీడకు కట్టి, ఆయన కూర్చునే చోటనే కాలు మీద కాలేసుకొని కూర్చొని, ఆయన తట్ట దించి వచ్చేదాకా ఆగి, "మామా, దాహమైతాంది, కొంచెం మజ్జిగ" అని అడిగినాను.